కంచని రాసిన ఇత్తడి

కోయంబత్తూరు వెళ్ళివచ్చానంటే అందరూ ఊటీ చూశారా, పళని కొండ ఎక్కారా అని అడుగుతున్నారు. రెండూ లేవు. నేను వెళ్ళింది ఒక మనిషిని పట్టుకొని కడుపారా తిట్టడానికి. ఆ మనిషి పేరు తెలియదు, మొహం తెలియదు. నాలుగు కిలోల విరిగిన ఇత్తడి చక్రాన్ని గుడ్డసంచిలో వేసుకొని విశాఖపట్నంలో రైలెక్కాను.

ఎందుకో చెప్పాలి. నేను పన్నెండేళ్ళు ఒక రక్షణ ఓడకు స్టోర్ కీపర్‌గా పనిచేశాను. నౌకాదళం వాడి పక్కన పెట్టిన పాత ఓడ అది. ఒక ప్రైవేటు కంపెనీ కొని, దాని పాత పనే దానిచేత చేయిస్తోంది. మునుగుతున్న ఓడల దగ్గరికి వెళ్ళడం, మనుషుల్ని తీయడం, చిల్లుపడ్డ ఓడలోంచి నీళ్ళు తోడి, తేల్చి, రేవుకు లాక్కురావడం. అంత పాత ఓడకు విడిభాగాలు బజారులో దొరకవు. అరిగిన ముక్కను చూసి కొత్త ముక్క పోత పోయించుకోవాల్సిందే. నీళ్ళు తోడే పంపుల ఇంపెల్లర్లు అలా పోయించినవే. ఇంపెల్లర్ అంటే పంపు పొట్టలో గిర్రున తిరుగుతూ నీళ్ళను విసిరికొట్టే రెక్కల చక్రం. సముద్రపు నీళ్ళలో తిరిగేది గన్‌మెటల్‌ది, అంటే కంచుది, కావాలి. ఇత్తడైతే దానిలోని జింకును ఉప్పునీళ్ళు తినేస్తాయి. పైకి రెక్క రెక్కలాగే కనిపిస్తుంది. లోపల టీలో ముంచిన బిస్కెట్టు.

పోయిన తుఫాను కాలంలో ఒక చేపల మరబోటు అడుగు పగిలి, సాయం కావాలని కబురు పంపింది. అందులో ఏడుగురున్నారు. మా పంపు మనిషి అప్పలస్వామి పంపుతో సహా ఆ బోటు మీదికి దిగాడు. ఇరవై నిమిషాలు నీళ్ళు ధారగా వచ్చాయి. బోటు కాస్త పైకి లేచింది కూడా. ఆ ధైర్యంతోనే బోటు వాళ్ళిద్దరు కింద ఇంజిన్ గదిలోకి దిగి, చిల్లులో దుప్పట్లు కుక్కడం మొదలుపెట్టారు. అప్పుడు పంపు మోత మారింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది, గొట్టంలో మాత్రం నీళ్ళు లేవు. అప్పలస్వామి కిందికి వంగి అరుస్తూనే ఉన్నాడు. అతన్నీ, పైనున్న అయిదుగుర్నీ లాగాం. కింద ఉన్న ఇద్దరూ రాలేదు.

విచారణ జరిగింది. నీళ్ళు అందకుండా పంపు నడిపాడనీ, అందుకే చక్రం విరిగిందనీ, అది అప్పలస్వామి అజాగ్రత్త అనీ రాశారు. అప్పలస్వామి ఆ కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు, చదివే పెట్టాడు. ఆ రోజు నుంచి రేవు వైపు రాలేదు.

విరిగిన చక్రాన్ని తుక్కు పెట్టెలోంచి నేను తీసి దాచాను. గోటితో గీకితే గులాబీ రంగు పొడి రాలింది. ఆఫీసులో చూపిస్తే, మీరు స్టోర్ మనిషి, మీకెందుకండీ ఈ శాస్త్రాలు అన్నారు. అలాంటివి మొత్తం ఆరు వచ్చాయి. రెండు మా కంపెనీ రెండో ఓడ పంపుల్లో తిరుగుతున్నాయి, మూడు అరలో ఉన్నాయి. ఒక్క ముక్కతో ఏదీ రుజువు కాదన్నారు. ఆ మాట అన్నవాళ్ళే రెండు నెలల తర్వాత నాకు శాలువా కప్పి రిటైర్ చేశారు.

బిల్లు మధురై వ్యాపారిది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. సరుకు వచ్చిన పెట్టె మీద మాత్రం కోయంబత్తూరు పక్కనున్న తుడియలూరు లారీ చీటీ అంటుకొని ఉంది. పోసినవాడు దొరికితే అమ్మినవాడు జారిపోలేడు అనుకున్నాను.

పీలమేడు

కోయంబత్తూరు పీలమేడులో ఒక లాడ్జిలో దిగాను. ఎటు చూసినా కాలేజీలు, పుస్తకాల సంచులు, స్కూటర్లు, నెత్తిమీద విమానాలు. కింద హోటల్లో ఇడ్లీ తిన్నాను. మన దగ్గర సాంబారు కావాలంటే రెండుసార్లు పిలవాలి. ఇక్కడ వడ్డించేవాడు బక్కెట్టు పట్టుకొని నా వెనకే నిలబడ్డాడు. వద్దంటే చిన్నబుచ్చుకున్నాడు. కాఫీ ముప్పై రూపాయలు, కానీ ఆ కాఫీకి ముప్పై ఇవ్వవచ్చు.

డబ్బు తీసుకునే పెద్దాయన నా ఫోన్ మాటలు విన్నట్టున్నాడు. "సార్, మీరు తెలుగునా? మేమూ తెలుగు దా. ఎప్పుడు వస్తిరి?" అన్నాడు. వాళ్ళ తెలుగులో దా అంటే మన 'నే'.

"ఉదయం" అన్నాను.

"మీ తెలుగు సినిమాలో మాదిరి ఉండాది సార్! ఇంకా రెండు మాటలు చెప్పండి."

ఆయన సరదాకే అన్నాడు. కానీ నాకున్న మంటకు అది కూడా సహించలేదు. చిల్లర తీసుకొని బయటికి వచ్చేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ పెద్దాయనకు రెండు మాటలేం ఖర్మ, పద్యమే వినిపించి ఉండాల్సింది.

బస్సులో

తుడియలూరు బస్సులో నిలబడి ఉన్నాను. డ్రైవర్ బ్రేకు వేశాడు. సంచి పట్టీ తెగింది. నాలుగు కిలోల చక్రం పక్కనున్నతని పాదం మీద పడింది.

"అయ్యో! ఎన్న సార్ ఇది, గుండా?" అని అతను ఒంటికాలి మీద లేచాడు.

"దీని దుంపతెగ!" అన్నాను, చక్రాన్నే. అతను నొప్పి మరచిపోయి నావైపు చూశాడు. "తెలుగువాళ్ళా? మా ఇంట్లోనూ ఇట్లే తిట్లు" అన్నాడు.

అతని పేరు ఇన్నాసి. నలభై ఏళ్ళుంటాయి. లేత్ మీద పని. తాత, తండ్రి నూలు మిల్లులో చేశారట. ఇద్దరం తర్వాతి స్టాపులో దిగాం. బొటనవేలి గోరు నల్లబడింది. నేను పక్క మందుల షాపులో పట్టీ కొంటుంటే, అతను టీ కొట్టు బల్ల మీద కూర్చొని చక్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. రోజూ లోహం ముట్టుకొనేవాడి చేయి వేరు. బొటనవేలితో ఒక్కసారి రాశాడు, విరిగిన అంచును వెలుతురుకు పెట్టాడు.

"ఇది పిత్తల. మీరు ఇత్తడి అంటారే, అది. ఉప్పు తినేసినాది. పావం, లోపల ఏమీ లేదు సార్." చక్రాన్ని తిరగేశాడు. నడిమి భాగం అడుగున రెండు చుక్కలున్నాయి. నేను చూసినవే, కానీ పోతలో పడ్డ మచ్చలనుకున్నాను. "ఈ రెండు చుక్కలు సరోజమ్మ పట్టరైవి. పట్టరై అంటే పోత షెడ్డు. ఆమె దగ్గర పోసినవే నేను లేత్ మీద నున్నగా తీస్తాను."

"వాణ్ణి... ఆవిణ్ణి ఇవాళ వదలను" అన్నాను.

ఇన్నాసి టీ గ్లాసు కింద పెట్టాడు. "సార్, మేము కోవిల్లో జపం తమిళంలో చేస్తాము, ఇంట్లో కొట్లాట తెలుగులో చేస్తాము. మీకు కొట్లాట కావాలంటే భాష సరిగ్గా ఉండాది. కానీ ఆమె మాట ముందర వినండి." దారి చెప్పి కుంటుకుంటూ పనికి వెళ్ళిపోయాడు. పట్టీ డబ్బు ఇస్తానని నాతో వాదించాడు కూడా. పాదం అతనిది, చక్రం నాది!

తుడియలూరు

ఆ వీధంతా పంపులే. గుమ్మాల ముందు రంగు వేసి ఆరబెట్టిన పంపులు, లోపల లేత్‌ల కీచు మోత. సరోజమ్మ షెడ్డు చివర ఉంది. నల్లటి ఇసుక నేల, వరసగా అచ్చు పెట్టెలు, మూల కొలిమి. కొంగు నడుముకు దోపుకొని, కాళ్ళకు పెద్ద బూట్లతో ఒకావిడ కొలిమి ముందు నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి.

నేను గుమ్మం దగ్గరి నుంచే అరిచాను. "ఈ చక్రం నువ్వు పోసిందేనా? దీనివల్ల ఇద్దరు మనుషులు మునిగి చచ్చారు, తెలుసా?"

పనివాళ్ళు నలుగురూ తలలెత్తారు. ఆవిడ ఎత్తలేదు. "అన్నా, లోహం కాగినాది. అది కాచుకోదు. పోత అయినంక మాట్లాడతాము" అంది.

పదిహేను నిమిషాలు నిలబడ్డాను. తిట్టడానికి ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చొని వచ్చినవాణ్ణి, లోహం చల్లారకూడదని నోరు మూసుకొని నిలబడాల్సి వచ్చింది. ఇద్దరు కరిగిన లోహం ఉన్న మూస పట్టుకున్నారు. ఆవిడ వేలితో చూపిస్తూ ఒక్కొక్క అచ్చుకూ "చాలు" అంటూ నడిచింది. ఒక్క చుక్క నేల మీద పడలేదు. అది చూసి నా కోపం ఇంకా పెరిగింది. ఇంత పనితనం తెలిసిన చేయి మాకెందుకు ఆ దరిద్రం పోసింది?

పోత అయ్యాక చేతులు కడుక్కొని, నాకు చెంబుతో నీళ్ళిచ్చి, చక్రాన్ని తిప్పి చూసింది.

"నాదే. లేదు అనను. ఆరు పోస్తిమి."

"కంచు అని చెప్పి ఇత్తడి పోస్తావా?"

"ఎవరు చెప్పినారు కంచు అని?"

నా దగ్గరున్న నోటుబుక్కు తెరిచి ముందు పెట్టాను. సరుకు వచ్చిన రోజు, సర్టిఫికెట్ నంబరు, అన్నీ తెలుగులో రాసుకున్నాను. ఆవిడ పేజీ చూసి నవ్వలేక నవ్వింది. "మాట వస్తాది అన్నా, అక్షరం రాదు. మేము తమిళంలో దా చదివినాము. మీరు చదవండి." చదివాను. ఆవిడ లేచి తన ఆర్డరు పుస్తకం తెచ్చింది. అంతా తమిళం. నాకు ఒక్క అక్షరం తెలియదు. ఒకే భాష మాట్లాడుకుంటున్న ఇద్దరం ఒకరి కాగితం ఒకరికి చదివి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆవిడ వేలు పెట్టి చదివింది: "ఆరు చక్రాలు. పిత్తల. సేద్యపు బావి పంపుకు. ఇది మధురై వరదరాజులు ఆర్డరు. సేద్యపు నీళ్ళకు పిత్తల మంచిదే అన్నా, పదేండ్లు ఉంటాది. సముద్రం అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను పోయనే పోయను."

మా బిల్లు మీదున్నదీ ఆ పేరే. అబద్ధం చెప్పే గొంతు కాదు అది. అయినా నేను తగ్గలేదు. ఇన్నాళ్ళ మంట ఎక్కడ పోసుకోవాలి? "పోసేటప్పుడు అడగాలి కదమ్మా, ఎక్కడ వాడతారని!"

అప్పుడు ఆవిడకూ కోపం వచ్చింది. బల్ల సొరుగులోంచి ఆకురాయి తీసి, మా చక్రం నడిమి మందంలో లోతుగా ఒక గీటు గీసింది. పసుపు. పక్కనున్న కంచు రింగు మీద ఇంకో గీటు. ఎరుపు.

"ఒక గీటు. ఇంతే వేలై, ఇంతే పని. చిన్నబిడ్డ కూడ కనిపెడుతుంది. మీ ఓడలో సరుకు దించుకున్నోడు ఈ గీటు ఎందుకు గీయలేదు? ఎవరతను? ముందర అతన్ని తిట్టి తరువాత నా దగ్గరికి రాండి!"

నేను నోటుబుక్కు మూశాను. ఆవిడ మళ్ళీ అడిగింది. "ఎవరు?"

"నేనే" అన్నాను.

సర్టిఫికెట్ ఉంది. దాని మీద గన్‌మెటల్ అని ఉంది. ఆ రోజు ఇంకా నలభై పెట్టెలు వచ్చాయి. అవన్నీ నిజమే. పెట్టె మూత తీసి, ఆరు లెక్కపెట్టి, 'సరిగా ఉన్నవి' అని సంతకం పెట్టింది నేను. విచారణలో నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అప్పలస్వామిని వాళ్ళు నిలదీస్తున్నప్పుడు నేను రెండు కుర్చీల అవతల కూర్చొని ఉన్నాను.

సరోజమ్మ ఆకురాయిని సొరుగులో పెట్టి, "సాపాటు అయినాదా?" అని అడిగింది.

అరిసి పప్పు అన్నం

షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. బియ్యం, కందిపప్పు, చిన్న ఉల్లిపాయలు కలిపి వండిన అన్నం పెట్టింది. అరిసి అంటే బియ్యం, దీన్ని అరిసి పప్పు అన్నం అంటారట. మన కట్టె పొంగలికి కారం నేర్పితే అలా ఉంటుంది. పైన నెయ్యి, పక్కన అప్పడం. మా వైపు వచ్చినవాడు తిట్టిపోతే గేటు దాకా వెళ్ళి మనమూ రెండు అనిగాని రాము. ఈవిడ రెండోసారి వడ్డించింది.

భర్త పోయాక షెడ్డు మూసేయమన్నారట బంధువులు. పోత పని ఆడవాళ్ళది కాదన్నారట. "ఆ రెండు చుక్కలు ఆయన పెట్టినవి. నేను తీయలేదు. ఇప్పుడు ఆ చుక్కల మీద రెండు ప్రాణాలు ఉండాయి" అంది. చేయి కడుక్కుంటూ అడిగింది, "మిగిలిన అయిదు ఎక్కడ ఉండాయి?"

"రెండు ఇంకో ఓడలో తిరుగుతున్నాయి."

ఆవిడ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. "ఇప్పుడా? ఈ రోజా?" అంది. తర్వాత, "రేపు కొలిమి లేదు. మధురైకి నేనూ వస్తాను. సేద్యపు బావి అని నా ముఖం చూసి చెప్పినాడు. ఓడ అని నా ముఖం చూసే చెప్పాల."

మధురై

బస్సు పొల్లాచ్చి కొబ్బరి తోటల్లోంచి, పళని కొండ పక్కనుంచి వెళ్ళింది. కిటికీలోంచి కొండకు సరోజమ్మ దండం పెట్టింది, నేను పెట్టలేదు. ఆ రోజు ఏ దేవుడితోనూ నాకు మాటల్లేవు.

దారిలో ఆవిడ చెప్పింది. "మీ ఊరి పక్క ఒకసారి పెండ్లికి వస్తిమి. అరవోళ్ళు వచ్చినారు అని నవ్వినారు. ఇక్కడ మమ్మల్ని తెలుంగోళ్ళు అంటారు. ఏ ఊరికి పోయినా మేము పక్క ఊరోళ్ళమే." పీలమేడు హోటల్లో నేను ముడిచిన మొహం గుర్తొచ్చింది.

వరదరాజులు దుకాణం పాత బజారులో, పాత్రల అంగళ్ళ మధ్య ఉంది. ఇరుకు గుమ్మం, లోపల మాత్రం రైలు పెట్టెలా పొడుగు. కౌంటరులో ముసలి గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. ముతలాళి, అంటే యజమాని, ఊళ్ళో లేడన్నాడు. సరోజమ్మ అతనితో తమిళంలో మాట్లాడుతుండగా నేను అరలు చూశాను. కొత్త పెట్టెల మీద పాత పేర్లు. ఎప్పుడో మూతపడ్డ విదేశీ కంపెనీల పేర్లు, నిన్న అచ్చువేసిన స్టిక్కర్ల మీద. పన్నెండేళ్ళు నేను అలాంటి పెట్టెలనే భక్తిగా తెరిచాను.

సరోజమ్మ చేతిసంచిలోంచి ఆకురాయి తీసింది. గుమాస్తా "వేండాం అమ్మా, వేండాం!" అంటూ అడ్డం వచ్చాడు. ఆవిడ అతని చేతిని మెల్లగా పక్కకు జరిపి, గన్‌మెటల్ అని రాసిన పెట్టెలోంచి ఒక వాల్వు తీసి గీసింది. పసుపు. రెండోది, పసుపు. మూడోది ఎరుపు. నాలుగోది మళ్ళీ పసుపు.

"పెద్దాయనా, ఇవన్నీ ఎవరికి పోతాయి?" అని తెలుగులో అడిగింది.

గుమాస్తా తల దించుకున్నాడు. ఆయన ఇంటి భాషా తెలుగే. "పడవలకు పోతాయి తల్లీ. నేను బిల్లు మాత్రం రాస్తాను" అన్నాడు. నేను సంతకం మాత్రం పెడతాను, ఆయన బిల్లు మాత్రం రాస్తాడు. చెంప మీద కొట్టినట్టయింది.

ముతలాళి పెరియకుళంలో మామిడి కోత చూసుకుంటున్నాడని చెప్పి, వీధిలోంచి మాకు రెండు గ్లాసుల జిగర్‌తండా తెప్పించాడు. పాలు, నన్నారి పానకం, పైన ఐస్‌క్రీం. మధురై వెళ్ళినవాళ్ళంతా తాగి వచ్చేదే. నేను ముట్టుకోలేదు. సరోజమ్మ తనది తాగి, నాదీ తాగేసింది. "బాగ తిట్టాలంటే బలం ఉండాల అన్నా" అంది.

పెరియకుళం

కొడైకానల్ కొండలు వెనక గోడలా నిలబడి ఉంటే, వాటి కాళ్ళ దగ్గర మైళ్ళకొద్దీ మామిడి. చెట్ల కింద ఆడవాళ్ళు కాయలు ఏరి గడ్డి పరిచిన బుట్టల్లో పేరుస్తున్నారు. వరదరాజులు తెల్ల చొక్కా, తెల్ల పంచెతో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"రాండి, రాండి. మన తెలుగువాళ్ళు తోటకు వస్తే సంతోషం. పండు తినండి."

సరోజమ్మ విరిగిన చక్రాన్ని ఆయన ముందున్న పండ్ల పళ్ళెంలో పెట్టింది. "ఇది తెలుసునా?"

"అమ్మా, ఈ మాదిరి ఎన్నో వస్తాయి, పోతాయి..."

"ఇద్దరు పోయారు" అన్నాను నేను. మొత్తం చెప్పాను. అరుస్తూనే చెప్పాను. ఇంజిన్ గదిలో దుప్పట్లు కుక్కుతున్న ఇద్దరి గురించి, పంపు మోత మారడం గురించి, అప్పలస్వామి గురించి. చివర "దొంగా!" అన్నాను. కాయలు ఏరే ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. పనివాళ్ళ ముందు ఆ మాట పడేసరికి ఆయన మొహం కందిపోయింది.

"దొంగనా? నేనా? మీ ఆఫీసువాడు అడిగింది దా నేను ఇస్తిని!" అని జేబులోంచి ఫోను తీశాడు. వేలితో పైకీ కిందికీ వెతికి, నా మొహం ముందు పెట్టాడు. "చదువు! నువ్వే చదువు!"

మా కంపెనీలో కొనుగోళ్ళు చూసే అధికారి పంపిన సందేశం అది. నాకు శాలువా కప్పిన మనిషి. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు ఉన్నాయి.

"ఏమి రాసినారు?" అంది సరోజమ్మ.

తెలుగులో చెప్పాను. "ఇత్తడి చాలు. కాగితం మీద గన్‌మెటల్ అని ఉండాలి." అక్కడ ఆగాను.

"ఇంకా ఉండాదే?"

"స్టోర్‌లో ఉన్నాయన పరీక్షించి చూసే మనిషి కాదు. సంతకం పెట్టేస్తాడు."

ఆవిడ నావైపు చూడలేదు. నేలవైపు చూస్తూ, "ఫోటో తీసుకోండి అన్నా" అంది, చాలా మెల్లగా. మొదటి రెండూ మసకగా వచ్చాయి. మూడోది సరిగ్గా వచ్చింది. వరదరాజులు ఫోను వెనక్కి లాక్కోలేదు. తాను ఏం చూపించాడో అప్పుడప్పుడే తెలుస్తున్నట్టుంది. కుర్చీలో కూలబడ్డాడు.

"డెక్కు కడిగే పంపు అని చెప్పినారు నాకు. మనుషుల ప్రాణం అని ఎవరు చెప్పినారు?"

సరోజమ్మ అంది, "మీకు డెక్కు నీళ్ళు అని చెప్పినారు. మీరు నాకు బావి నీళ్ళు అని చెబితిరి. తలకొక నీళ్ళు చెప్పుకొంటిరి. చావు మాత్రం సముద్రం నీళ్ళలో అయినాది. మీ అరల్లో ఉండే పిత్తల అంతా పడవలకు పోకముందర తీయండి. లేదంటే ఈ ఆకురాయితో నేనే వచ్చి, బజారు మొత్తం చూసేటట్టు గీస్తాను."

చక్రాన్ని నేను సంచిలో వేసుకున్నాను. దానికి మామిడి రసం అంటుకొని ఉంది. పళ్ళెంలో పండ్లు మేమెవరమూ తినలేదు. పెరియకుళం మామిడి ఎంత తీపో నేను చెప్పలేను.

బస్టాండులో సరోజమ్మ ఒక తెల్లకాగితం మీద తమిళంలో తన మాట రాసింది. ఎవరు ఆర్డరిచ్చారు, ఏమని చెప్పారు, తాను ఏం పోసింది. కింద సంతకం, పక్కన పెన్నుతో రెండు చుక్కలు. "ఇది బయట పెడితే వరదరాజులే కాదు, ఈ లైనులో ఎవరూ మీకు ఆర్డరు ఇవ్వరేమో" అన్నాను.

"తెలుసు" అంది. "బావి పంపులు ఉండాయిలే." కోయంబత్తూరు బస్సు వస్తే ఎక్కింది. కిటికీలోంచి చేయి ఊపలేదు. వేలితో నా సంచి చూపించి, పట్టీ మళ్ళీ తెగేటట్టుందని సైగ చేసింది.

వచ్చాక

విశాఖపట్నంలో దిగి ఇంటికి వెళ్ళకుండా ఒక నోటరీ దగ్గరికి వెళ్ళాను. సరోజమ్మ కాగితం, ఫోను ఫోటో, చక్రం, వాటితో పాటు నా వాంగ్మూలం. 'లోహం పరీక్షించకుండా సరిగా ఉన్నవని సంతకం పెట్టాను. విచారణలో ఈ విషయం దాచాను' అని మొదటి రెండు వాక్యాలు. పెన్షన్ మీదికి వస్తుందేమోనని మా ఆవిడ భయపడింది. నాకూ భయమే. విచారణ చేసిన అధికారులకు అన్నీ ఇచ్చాను.

మూడో రోజు రెండో ఓడను రేవుకు పిలిపించి పంపులు విప్పారు. ఒక చక్రం ఇంకా పసుపుగానే ఉంది. రెండోది అంచుల దాకా గులాబీ రంగు. పంపు విప్పిన మెకానిక్ రెక్కను చేత్తో తుంచి, ఆ ముక్కను నాకు తెచ్చి చూపించాడు. ఇంకో తుఫాను వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. అరలోని మూడింటినీ సీలు వేశారు.

కొనుగోళ్ళ అధికారిని పనిలోంచి తీశారని మీరనుకుంటే పొరపాటు. వేరే ఊరి ఆఫీసుకు మార్చారు. అప్పలస్వామి మీద రాసిన వాక్యాన్ని తిరిగి పరిశీలిస్తామన్నారు. ఎప్పుడని అడిగితే, మీరు రిటైరయ్యారు కదండీ, విశ్రాంతి తీసుకోండి అన్నారు. ఈ యాత్ర గురించి ఇంత రాయడానికి ఆ మాట కూడా ఒక కారణం.

నా వాంగ్మూలం నకలు పట్టుకొని అప్పలస్వామి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చొని వల కుడుతున్నాడు. నేను నిలబడే మొత్తం చదివాను. నా సంతకం సంగతి, రెండు కుర్చీల అవతల నా మౌనం సంగతి వచ్చినప్పుడు కూడా ఒక్క మాటా మింగలేదు. తిడతాడని చూశాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

అతను సూది పక్కన పెట్టాడు. తర్వాత అన్నదే ఇన్ని నెలల్లో నాతో మాట్లాడిన మొదటి మాట.

"పోయిన ఆళ్ళిద్దరి ఇంటికీ ఎల్లినావేటి, గురూ?"

నేను వెళ్ళలేదు. కోయంబత్తూరు వెళ్ళాను, మధురై వెళ్ళాను, కొండల కింద మామిడి తోటకు వెళ్ళాను. పాతిక మైళ్ళ దూరంలో ఉన్న, మునిగిపోయినవాళ్ళ పల్లెకు వెళ్ళలేదు. ఆ ఇద్దరి పేర్లు నాకు తెలుసు. వాళ్ళ గుమ్మం ఎలా ఉంటుందో తెలియదు.

"లేదు" అన్నాను.

అప్పలస్వామి లోపలికి వెళ్ళాడు. చొక్కా తొడుక్కొని, బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. "పద. ఆ కాయితం అక్కడ కూడా సదువు" అన్నాడు.

ఇద్దరం బస్సెక్కాం.